పోతన ‘దాపల’: ఎడమా, దగ్గరా? (అడిగింది ఇంటరప్టుల చిరునామా గురించి)

గూటిపక్షి:
అందరికీ నమస్కారం. లినక్స్ డ్రైవర్లు నేర్చుకునే పిల్లల కోసం తెలుగులో ఒక పాఠం రాస్తూ ఎమ్మెస్సై (మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్స్) దగ్గర ఆగిపోయాను. ఇంటరప్టు అంటే ‘నన్ను చూడు’ అని పరికరం ప్రాసెసరుని పిలవడం. పాత పద్ధతిలో అందుకు ఒక తీగ. పీసీఐలో (కంప్యూటరుకి కార్డులు తగిలించే పద్ధతి) అవి నాలుగే, ఏ నుంచి డీ దాకా, ఉన్న కార్డులన్నీ వాటినే పంచుకోవాలి. ఎమ్మెస్సైలో తీగ లేదు. పరికరం తనకిచ్చిన మెమరీ చిరునామాలో ఒక అంకె రాస్తుంది, ఆ రాతే ప్రాసెసరుకి పిలుపు. దీన్ని ‘అంతరాయాలకు చిరునామాలు కేటాయించుట’ అని రాసి చూసుకుంటే విఘ్నాలకి ఇళ్లస్థలాలు పంచినట్టుంది. ఏమనాలి?

ఇంకోటి. రెండు రోజులుగా పోతన పద్యం బుర్రలో తిరుగుతోంది: ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు...’ తర్వాత ‘దాపున’ అనా, ‘దాపల’ అనా? అదీ చిరునామాయే కదా, ఉదాహరణగా పెడదామని.

గసడదవ:
దాపల. ‘దా’ మొదటి పాదం చివర, ‘పల’ రెండో పాదం మొదట. అల, పల, త్పల, హ్వల అని నాలుగు చోట్లా ప్రాస లకారం. దాపున అన్నారో, ప్రాస గోవిందా. అర్థం ఎడమ పక్కన.

పాత చిప్పు:
అరవైనాలుగు బిట్ల చిరునామాని కింది సగం ఒక రిజిస్టర్లో, పై సగం పక్క రిజిస్టర్లో రాస్తాం కదా, పోతన గారు దాపలని అలాగే విరిచారు :)

పాఠంలో మాత్రం ఒకటి సరిచేసుకోండి. కేటాయింపు అనగానే పిల్లలు కెమాలాక్ (మెమరీలో చోటు అడిగే ఫంక్షన్) పిలుస్తారు. ఇది ర్యాములో చోటు కాదు. ఎక్స్86లో (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల రకం) ఆ చిరునామా కింది సగంలో పై పన్నెండు బిట్లు ఎప్పుడూ ఎఫ్ఈఈ. ఆ తర్వాతి ఎనిమిది బిట్లు ఏ ప్రాసెసరుకి అన్నది. రాసే అంకెలో కింది ఎనిమిది బిట్లు వెక్టర్, అంటే ఎందుకు పిలిచారో. డ్రైవరు చేసేదల్లా పీసీఐ_అలాక్_ఐఆర్‌క్యూ_వెక్టర్స్‌ని పిలిచి ‘కనీసం ఇన్ని, మించితే ఇన్ని’ అని అడగడం. ఎనిమిది అడిగితే నాలుగే రావచ్చు, వచ్చినదాన్ని లెక్కచూసుకోవాలి. చిరునామా ఎంచి పరికరంలో రాసిపెట్టేది లినక్స్ నడిబొడ్డు అయిన కెర్నలే.

కాబట్టి పద్యం సరిగ్గా సరిపోతుంది. వైకుంఠపురం, అందులో నగరి, ఆ మూల సౌధం, దాని దాపల... పెద్దదాని నుంచి చిన్నదానికి దిగడమే.

ఎలపటెద్దు:
గసడదవ గారితో ఏకీభవిస్తున్నా. మా వైపు ఇప్పటికీ అరకకి కట్టేది దాపటెద్దు, ఎలపటెద్దు. దాపట ఎడమ, ఎలపట కుడి. నిఘంటువు తెరవక్కర్లేదు, ఏ రైతునైనా అడగండి. డాకాలు, డాచెయ్యిలో ఉన్న ‘డా’ ఇదేనని నా నమ్మకం.

అరసున్న:
ఎడ్ల సంగతి సరే. కానీ సౌధానికి ఎడమేమిటండీ? మా తెలుగు మాస్టారు ‘దాపల అంటే దాపున, సమీపాన’ అనే చెప్పారు. మందారవనం, అందులో అమృతసరస్సు, దాని ఒడ్డున చంద్రకాంతశిల మీద కలువల పాన్పు. ఇంత వర్ణన చేసే మనిషి మధ్యలో ‘ఎడమవైపు తిరగండి’ అని దారి చెబుతాడా?

గసడదవ:
చెబుతాడు, చెప్పక తప్పదు కూడా. మత్తేభం పాదం చివర గురువు ఉండాలి. ‘దా’ గురువు. కుడి అనాలంటే ‘వలపల’ అనాలి, పాదం చివర ‘వల’ పడుతుంది, రెండూ లఘువులు. వైకుంఠంలో విష్ణువు ఎడమ పక్కన ఉన్నాడంటే ఛందస్సు పుణ్యమే.

అరసున్న:
అంటే ఛందస్సు కోసం దేవుణ్ణి ఇల్లు మార్పించారా! దాపు అంటే చాటు అని కూడా ఉంది, దాపరికం అందులోంచే. సౌధం చాటున, ఎవరికీ కనపడని తోటలో అని ఎందుకు కాకూడదు? ‘రమావినోది’ కదా, నలుగురూ చూసే చోట ఉంటాడా?

బమ్మెర బాటసారి:
దాపల కన్నా ముందు ‘మూల’ తేల్చండి. ‘ఆ మూల’ అంటే ఆ మూలన ఉన్న సౌధమా, మూలసౌధం అంటే ప్రధాన సౌధమా? నేను రెండో పక్షం.

పాత చిప్పు:
బాటసారి గారూ, మీకు సాష్టాంగ నమస్కారం. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో పరికరాలన్నీ పైకెళ్లి కలిసే చోటుని రూట్ కాంప్లెక్స్ అంటారు. మూలసౌధం! పరికరం రాసిన రాత దాని గుండా వెళ్లి, ఆ దాపలనే ఉన్న, ప్రాసెసరులో ఇంటరప్టులు అందుకునే లోకల్ ఏపిక్‌కి చేరుతుంది. దగ్గరా ఎడమా అని కొట్టుకోకండి, మా పనికి రెండూ ఒప్పే.

గసడదవ:
మీ పనికి ఒప్పితే పోతనకి ఒప్పినట్టు కాదు.

గూటిపక్షి:
నా మొదటి ప్రశ్న... అంతరాయానికి బదులు?

బమ్మెర బాటసారి:
అదే పద్యంలో ఉంది కదండీ, ‘కుయ్యాలించి సంరంభియై’. కుయ్యి. మొర అన్నా సరే. అంతరాయం అంటే పని చెడగొట్టేది. ఇక్కడ పరికరం చెడగొట్టట్లేదు, ‘నా పని అయింది, చూడు’ అని పిలుస్తోంది. నెట్‌వర్క్ కార్డుని మొసలి చేసి మాట్లాడతారెందుకు? అది ఏనుగు.

ఎలపటెద్దు:
సెకనుకి వేలసార్లు ‘పాహి పాహి’ అనే ఏనుగు.

పాత చిప్పు:
అందుకే ఒక్క చిరునామా చాలదు. ఎమ్మెస్సైలో పరికరానికి ముప్ఫై రెండు దాకా, అదీ ఒకటి, రెండు, నాలుగు అని రెట్టింపుల్లోనే. ఎమ్మెస్సై-ఎక్స్‌లో 2048 దాకా, ఒక్కోదానికి వేరే చిరునామా, వేరే అంకె. ప్రాసెసరు వైపు ఉండేవేమో 256 వెక్టర్లు, అందులో మొదటి 32 దాని సొంత లోపాలకే పోతాయి. కరువు అక్కడుంది.

ఇక పోతన హ్యాండ్లరు, అంటే ఇంటరప్టు రాగానే నడిచే కోడు, సంగతి. తర్వాతి పద్యంలో ‘సిరికిం జెప్పఁడు’ అని పరుగెత్తాడు, బాగుంది. కానీ ‘చేలాంచలమైన వీడఁడు’! చేతిలో పట్టుకున్న తాళం (లాక్, ఒకరు పట్టుకుంటే మిగతావాళ్లు ఆగాల్సిందే) వదలకుండా ఇంటరప్టులోకి పోయాడు. ఆ హ్యాండ్లరు మళ్లీ అదే తాళం అడిగిందంటే యంత్రం బిగుసుకుపోతుంది. మా దగ్గర రివ్యూలో ఒక్క పూట నిలవదు.

బమ్మెర బాటసారి:
తొందరపడకండి. ఆ తర్వాతిది గుర్తుందా? ‘తనవెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతమున్’, ఆ వెనకాల గరుడుడు, శంఖచక్రాదులు. తాను ముందు ఒక్క ఉదుటున పోయాడు, మిగతా పరివారం తీరిగ్గా వెనక. మీరు టాప్ హాఫ్ (వెంటనే చేసే పని), బాటమ్ హాఫ్ (తర్వాత చేసే పని) అనేది ఇది కాదూ?

పాత చిప్పు:
ఒప్పుకుంటున్నా. ఓడిపోయాను.

అరసున్న:
అసలు ఈ పద్యమే ఒక అంతరాయం కదా. ‘అల వైకుంఠపురంబులో’ అని మొదలుపెట్టి పోతన ముందుకి సాగక ఘంటం పక్కన పెట్టి బయటికెళ్తే, రాముడే ఆయన రూపంలో వచ్చి పూర్తిచేసి పోయాడని చెప్పుకుంటారు. ఆయన తిరిగొచ్చేసరికి పద్యం ఉంది. ఆ కథ నిజమైతే దాపల పోతనది కాదు, రాముడిది. ఆయన్నే అడగాలి.

గసడదవ:
రాముడు కూడా గణం తప్పలేదని గమనించగలరు.

గూటిపక్షి:
పాఠం రేపు పంపాలి. కుయ్యి నాకు నచ్చింది కానీ పిల్లలు నవ్వుతారు, అంతరాయం నాకే నచ్చట్లేదు. ఇంటరప్టు అనే ఉంచేసి, కేటాయింపు బదులు ‘చిరునామా ఇప్పించుకోవడం’ అని రాశాను. పద్యం పెడుతున్నా, దాపలకి అర్థం ఇవ్వకుండా.

ఎలపటెద్దు:
అర్థం ఇవ్వకపోతే దగ్గర అనే అనుకుంటారండీ! మా మామయ్యకి అరక ఉంది, సాయంత్రం ఫోన్ చేసి అడిగి చెప్తాను.

అరసున్న:
అడిగేటప్పుడు ఎడ్ల వెనక నిలబడితే ఎడమా, ఎదురుగా నిలబడితే ఎడమా, అది కూడా అడగండి. సౌధం ఎటు తిరిగి ఉందో పద్యంలో లేదు.