చీని (బత్తాయి) తోటలో చక్రాల కోళ్లగూడు గాలికి బోర్లా పడింది, ఎట్ల కట్టాలి?

తాడిపత్రి_చీని:
అన్నలూ మాది తాడిపత్రి పక్క పల్లె, 4 ఎకరాల చీని. వానలు పడినాక సాళ్లల్లో గడ్డి మోకాలి దాకా వస్తాది, గడ్డిమందు కొట్టే బదులు 40 నాటుకోళ్లని సాలు సాలుకి తిప్పుదామని చక్రాల గూడు చేయించినా. 8 అడుగుల పొడుగు, 5 వెడల్పు, లోపల నిలబడి కడుక్కోవచ్చు అని ఎత్తు 6 పెట్టిచ్చినా. పగలు వదిలేస్తా, రాత్రికే గూడు. మొన్న ఆషాఢం గాలికి పక్కకి ఒరిగిపోయింది, ఒక రేకు పక్కోళ్ల చేన్లో దొరికింది, 3 కోళ్లు పోయినాయి. బరువు పెంచుదామంటే ఒక్కన్నే తొయ్యలేను. ఏం చేసేది?

ఎర్రనేల:
తప్పు బరువుది కాదప్పా, ఎత్తుది. మన జిల్లాలో గాలిమరలు ఊరికే పెట్టినారా? అమెరికాలో జోయెల్ సలాటిన్ అని ఒక రైతు బ్రాయిలర్లకి రోజూ జరిపే గూళ్లు 10 బై 12 అడుగులు, ఎత్తు మాత్రం 2 అడుగులే. నాటుకోడి కొయ్యెక్కి పండుకుంటాది కాబట్టి నువ్వు 3 పెట్టుకో, పైకప్పు మూతలాగ లేచేటట్టు చేయిస్తే వంగి గుడ్లు తీసుకోవచ్చు. కోడికి 8 అంగుళాల లెక్కన 8 అడుగుల కొయ్యలు నాలుగు చాలు. గూడు ఇరుకు పక్క పడమరకి తిప్పి, నాలుగు మూలలా కమ్మీ దిగ్గొట్టి తాడేసి కట్టు. రోజూ పీకి కొట్టాలంటే విసుగే, కానీ తప్పదు.

నల్లరేగడి_కర్నూలు:
సైకిల్ చక్రాలైతే ఇప్పుడే తీసెయ్ బ్రో. మా నేల్లో వాన పడితే కూరుకుపోయి వంకర పోయినాయి, పాత మోపెడ్ చక్రాలు వేసినా, బాగున్నాయి. ఇంకోటి ముంగిస. నేను మామూలు కోళ్ల జాలీ కొట్టించినా, ఒక రోజు పొద్దున చూస్తే జాలీ కన్నానికి ఈకలు అతుక్కోనుండాయి, లోపల రెండు కోళ్లకి తలల్లేవు. పక్కలకి అర అంగుళం కన్నాల వెల్డ్‌మెష్ (గట్టి ఇనుప జాలీ) వెయ్యి, అడుక్కి ఒక అంగుళం అయితే రెట్ట రాలిపోతాది.

బుడ్డల_చేను:
ఒక్కచోట రెండ్రోజులకి మించి ఉంచొద్దు, రెట్ట కుప్ప పడితే చెట్టుకి కూడా మంచిది కాదు. తిరిగిన సాలుకి మళ్లీ మూడు నాలుగు వారాలు రావొద్దు, పురుగుల బాధ తగ్గుతాది. కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా మాత్రం వేయించాల్సిందే, గూడు జరిపితే అది ఆగదు. మందు కొట్టిన సాల్లోకి అసలు వదలొద్దు. చలికాలం గడ్డి ఎండినాక బుడ్డలు (వేరుశనగ) పీకిన చేన్లోకి తోలుకో, రాలిన కాయలు కెలుక్కోని తింటాయి.

తాడిపత్రి_చీని:
థాంక్సన్నా అందరికీ. 6 అడుగుల్ని నడిమికి కోయించి పైసగానికీ చక్రాలు వేయిస్తే రెండు గూళ్లు అయితాయి కదా, సగం సగం కోళ్లు, తోసేది కూడా సులువు. వెల్డింగ్ ఆయన మొదలే నవ్వినాడు ఇంత ఎత్తు ఎందుకని, మళ్లీ ఆయన దగ్గరికే పోవాల.

ఎర్రనేల:
పో పో, కోసేముందు డ్రిప్ పైపు మీద నుంచి చక్రం ఎట్ల దాటిస్తావో చూసుకో.