సమస్యాపూరణం: ‘తప్పు లేని రాత తప్పు రాత’

నిర్వాహకులు:
ఈసారి ఆటవెలది. సమస్య ఇది:
తప్పు లేని రాత తప్పు రాత

విషయం: కుంచెతో చకచకా రాసినట్టు కనిపించే ఫాంట్లు, శీర్షికలకూ పోస్టర్లకూ వాడే రకం. 1942లో రాబర్ట్ స్మిత్ గీసిన బ్రష్ స్క్రిప్ట్, 1953లో రోజర్ ఎక్స్‌కఫాన్ తన చేతిరాత ఆధారంగా చేసిన మిస్ట్రల్ ఈ కోవలోవే. వాటి అందం ఎక్కడుందో, ఎక్కడ చెడుతుందో పద్యంలో చెప్పండి.

వట్రసుడి:
కుంచె పట్టి రాయ కొంత వంకర యుండు
కంటి కింపు నిచ్చు కళ యదేను
అచ్చుపోసినట్టు లన్నియు నొకటైన
తప్పు లేని రాత తప్పు రాత

నిర్వాహకులు:
మంచి పూరణ. ‘అచ్చుపోసినట్టు’ అన్నమాట సరిగ్గా తగిలింది. పాత ముద్రణలో వాడిన సీసపు అచ్చుల్లో మామూలుగా అక్షరానికి ఒకటే పోత. ఎంత కుంచె వాటం ఉన్నా, ఒక పేరులో ‘ర’ రెండుసార్లు వస్తే గుట్టు బయటపడేది. రెండో పాదంలో ‘అదేను’ గణం కోసం వచ్చినట్టుంది. ‘కళయె యగును’ అంటే హాయిగా ఉంటుంది.

తలకట్టు:
పెద్ద పలక మీద పేరుకే తగునయ్య
చిన్న సైజులోన చిక్కు పడును
పుటను నింపి వేసి పొరపాటె లేదన్న
తప్పు లేని రాత తప్పు రాత

వట్రసుడి:
విరుపు బాగుందండీ. అయితే ఏది తగును? కర్త లేదు, కుంచె ఊసే లేదు. ‘పేరుకే యీ కుంచె’ అంటే గణాలూ కుదురుతాయి, విషయమూ తెలుస్తుంది.

తలకట్టు:
నిజమేనండీ, అలాగే మారుస్తాను. ధన్యవాదాలు.

నిర్వాహకులు:
సవరణ నాకూ నచ్చింది. ‘సైజు’కు అభ్యంతరం లేదు, ఈ పనిలో ఉన్నవాళ్లంతా అనే మాటే. భావం మరీ బాగుంది. ఆరిపోతున్న కుంచె లాగితే గీత చివర తెల్లని చారలు పడతాయి చూడండి, శీర్షికలో అవే ప్రాణం. అదే అక్షరాన్ని పేరాలోకి దించితే చారలు మరకల్లా కనిపిస్తాయి. ‘మ’లో సుడి, ‘ఠ’లో చుక్క పూడిపోతాయి. అక్షరదోషం ఒక్కటీ లేకపోయినా చదవడం నరకం.

నకారపొల్లు:
పక్కపక్క నున్న రెండును వేరైన
చేతిరాత కళయె చెంత నిలుచు
రెండు నొక్కటైన రేఖ జీవము పోవు
తప్పు లేని రాత తప్పు రాత

నిర్వాహకులు:
మొదటి పాదంలో యతి తప్పింది: ‘ప’కు ‘రె’ చెల్లదు, ప్రాసయతీ లేదు. భావం మాత్రం ఇప్పటి ఫాంట్ల పనితనమే. ఓపెన్‌టైప్ అనే ఫాంట్ పద్ధతిలో ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు గీసిపెడితే, పక్కన ఏముందో చూసి ఫాంటే మార్చి వేస్తుంది. యతి సరిచేసి మళ్లీ పెట్టండి, వదలొద్దు.

నకారపొల్లు:
సవరించాను:
పక్కపక్క నున్న ‘ప’లు వేరువేరైన

నిర్వాహకులు:
యతి కుదిరింది, పైగా ఇప్పుడు అక్షరం కళ్లముందుకొచ్చింది. ఒక్క మాట: రెండే రూపాలుంటే, వరసగా మూడు ‘ప’లు వచ్చినప్పుడు మూడోది మళ్లీ మొదటిదే అవుతుంది, కన్ను పట్టేస్తుంది. మూడో రూపం కూడా గీయాల్సిందే. దీన్ని ఎవరైనా పద్యంలో పెడతారా? రేపు రాత్రి దాకా గడువుంది.