క్యాన్సర్ ఫార్మసీలో పై శిక్షణ: ముందు పరీక్షా, ముందు అనుభవమా?

ప్రశ్న (తిరుపతి, ఫార్మ్-డి):
నమస్కారం. ఆరేళ్ల ఫార్మ్-డి ముగించి ఏడాదిన్నరగా ఒక ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. పని బిల్లింగు, స్టాకు దాటి ముందుకు సాగడం లేదు. 2022లో మా ఊళ్లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి మొదలైనప్పటి నుంచి ఈ విభాగం మీదికి మనసు పోయింది. అమెరికాలోని బోర్డ్ ఆఫ్ ఫార్మసీ స్పెషాలిటీస్ క్యాన్సర్ ఫార్మసిస్టులకు ఇచ్చే బి.సి.ఒ.పి. ధ్రువపత్రానికి ఇప్పుడే చదవడం మొదలుపెట్టాలా, లేక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో శిక్షణకు చేరాలా? ఇంట్లో మాత్రం పిహెచ్.డి. చేసి కాలేజీలో చేరమంటున్నారు.

జవాబు (ఆంకాలజీ ఫార్మసిస్టు):
అమ్మా, బి.సి.ఒ.పి. పని నేర్పే కోర్సు కాదు. ఇప్పటికే ఆ పనిలో ఉన్నవారి పరిజ్ఞానాన్ని పరీక్షించి ఇచ్చే గుర్తింపు అది. క్యాన్సర్ విభాగంలో తగిన అనుభవమో రెసిడెన్సీయో (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే ప్రత్యేక శిక్షణ) లేనిదే పరీక్షకు అర్హత రాదు. వచ్చాక కూడా ఏడేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. అందువల్ల ముందుగా, కీమో కలపడానికి ముందు డాక్టరు రాసిన ప్రతి మందుల చీటీ ఫార్మసిస్టు కంటపడే ఆసుపత్రిని వెతుక్కోండి.

ఆ చీటీ చూడడంలోనే అసలు చదువంతా ఉంది. కార్బోప్లాటిన్‌నే తీసుకోండి. చాలా కీమో మందుల మోతాదును శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి లెక్కిస్తే, దీనికి మాత్రం మూత్రపిండాల వడపోత రేటుకు 25 కలిపి, వచ్చినదాన్ని డాక్టరు కోరిన ఏయూసీతో, అంటే రక్తంలో మందు ఎంత మేర, ఎంతసేపు ఉండాలో చెప్పే అంకెతో గుణిస్తారు. ఏయూసీ 5, వడపోత రేటు 60 అయితే 425 మిల్లీగ్రాములు. అదే రేటు 40కి పడిపోతే 325. లెక్క ఇంటర్ పిల్లలైనా చేస్తారు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు ఏనాటిదని అడగడం, మొన్నటి వాంతులతో రోగి నీరసించి ఉన్నాడేమోనని అనుమానించడం మాత్రం పుస్తకం చదివితే వచ్చేవి కావు.

జవాబు (చిత్తూరు, కీమో డే-కేర్ నర్సు):
మాకు మిక్సింగు, అంటే కీమో మందులు కలపడం తెలిసిన ఫార్మసిస్టు ఉండడం పెద్ద అండ. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందును సెలైన్‌లో కాక డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలని కొత్తగా వచ్చినవారికి ప్రతిసారీ చెప్పవలసి వస్తుంది. నరానికి ఎక్కించే విన్‌క్రిస్టిన్ అనే మరో కీమో మందు పొరపాటున వెన్నులోకి ఎక్కితే దాదాపుగా ప్రాణాంతకమే. అందుకే దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి పంపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే హెచ్చరించింది. శిక్షణకు వెళ్లే చోట ఈ పద్ధతి పాటిస్తున్నారో లేదో ముందే అడగండి. స్టైపెండు సంగతి తరువాత చూసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం, అడగడానికి కొంచెం మొహమాటంగానే ఉంది. వచ్చే ఏడాది నా పెళ్లి. మిక్సింగు గదిలో పనిచేస్తే పుట్టబోయే పిల్లలకు ప్రమాదమని మా అత్తయ్య ఒకటే భయపెడుతోంది.

జవాబు (ఆంకాలజీ ఫార్మసిస్టు):
ఆవిడ భయం నిరాధారం కాదు, అయితే దానికి జాగ్రత్తలు ఉన్నాయి. గాలిని వడకట్టి బయటికి పంపే బయోసేఫ్టీ క్యాబినెట్, రెండు జతల గ్లౌజులు, గౌను, మందు ఒలికితే వాడే స్పిల్ కిట్, ఇవన్నీ ఉన్న చోటే చేరండి. మామూలు టేబుల్ మీద, కిటికీ పక్కన కలిపే చోటికి ఎంత జీతమిచ్చినా వెళ్లవద్దు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు, పాలిచ్చేటప్పుడు కూడా చీటీలు సరిచూసే డ్యూటీకి మార్చమని అడగండి. పద్ధతి తెలిసిన విభాగాల్లో అడిగితే మారుస్తారు.

ఇంకొక మాట. మాత్రల కీమోను చిన్నచూపు చూడకండి. కేపసిటబీన్‌ను సాధారణంగా 14 రోజులు వేసుకొని 7 రోజులు ఆపాలి, భోజనమైన అరగంటలోపు మింగాలి. పీలేరు నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దాయన ఆ విరామపు వారంలో కూడా, మందు మానితే జబ్బు పెరుగుతుందేమోనని మాత్రలు మింగుతూనే ఉంటాడు. ఆయన క్యాలెండర్ తీసుకొని, మానవలసిన రోజులకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి చూపించండి. గుండె జబ్బుకు రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ కూడా వాడుతున్నాడేమో అప్పుడే అడగండి, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే రక్తస్రావం కావచ్చు.