అప్‌గ్రేడ్ మధ్యలో షేర్డ్ లైబ్రరీ వార్నింగ్‌లు: ఆపాలా, కానివ్వాలా?

ప్రశ్న:
ఒక సర్వర్‌ని డెబియన్ (లినక్స్) 11 నుంచి 12కి మారుస్తున్నాను. ఫుల్-అప్‌గ్రేడ్ నడుస్తుండగా "/యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో ఉన్న లిబ్‌కర్ల్.ఎస్ఓ.4 సింబాలిక్ లింక్ కాదు" అని ఎల్‌డీకాన్ఫిగ్ (షేర్డ్ లైబ్రరీల, అంటే చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే కోడ్ ఫైళ్ల, జాబితా తయారుచేసే టూల్) పదేపదే చెబుతోంది. ఇంకో టెర్మినల్‌లో కర్ల్ (నెట్ నుంచి ఫైళ్లు తెచ్చే కమాండ్) కొట్టి చూశాను, పని చేస్తోంది గానీ ముందుగా అదే ఫైల్ పేరుతో "వెర్షన్ సమాచారం లేదు" అనే లైన్ వస్తోంది. ఈ మెషీన్‌ని ఇదివరకు వేరేవాళ్లు చూసుకునేవారు, అందులో ఏమేం పెట్టారో ఎక్కడా రాసి లేదు. ప్యాకేజీలు ఇంకా సగం కూడా కాలేదు, మధ్యలో ఆపితే మళ్లీ బూట్ అవుతుందో లేదోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు 1:
ఆపకండి, రీబూట్ అసలే చేయకండి. సగం కొత్త ప్యాకేజీలు, సగం పాతవి ఉన్న సిస్టమ్ కంటే ఈ రెండు వార్నింగ్‌లు చాలా నయం, వీటివల్ల అప్‌గ్రేడ్ ఆగిపోదు. ఒకవేళ ఏదైనా ప్యాకేజీ దగ్గర ఎర్రర్‌తో ఆగితే డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ (సగంలో ఆగిన ప్యాకేజీల సెటప్ పూర్తిచేసే కమాండ్) నడిపి, మళ్లీ ఫుల్-అప్‌గ్రేడ్ ఇవ్వండి. ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయి) చేస్తుంటే ఆ కనెక్షన్ తెంచకుండా, పక్కన ఇంకొకటి తెరిచి ఉంచుకోండి.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్టే, కానీ అయిపోయాక వదిలేయొద్దండీ, కారణం అక్కడే ఉంది. లిబ్‌కర్ల్.ఎస్ఓ.4 అనేది మామూలుగా అసలు ఫైల్‌ని చూపించే లింక్‌గా (సింబాలిక్ లింక్) ఉండాలి. ఎవరో సోర్స్ నుంచి బిల్డ్ చేసి, సీపీ కమాండ్‌కి, లింక్‌లను లింక్‌లుగానే ఉంచే -ఏ ఇవ్వకుండా కాపీ చేసినట్టున్నారు, అలా చేస్తే లింక్ పోయి దాని చోట పూర్తి ఫైలే వచ్చి కూర్చుంటుంది, ఎల్‌డీకాన్ఫిగ్ మామూలు ఫైల్‌ని తీసేసి లింక్ పెట్టదు, వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. ఇక రెండో వార్నింగ్: డెబియన్ తన లిబ్‌కర్ల్‌లో సింబల్స్‌కి వెర్షన్ ముద్ర వేస్తుంది, సోర్స్ నుంచి మామూలుగా బిల్డ్ చేస్తే అది ఉండదు. డెబియన్‌లో లోడర్ (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దాని లైబ్రరీలను వెతికి తెచ్చేది) కాన్ఫిగ్ ఫైళ్లని అక్షర క్రమంలో చదువుతారు కాబట్టి, మామూలు 64-బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో లిబ్‌సీ.కాన్ఫ్‌లో ఉన్న /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌కే ముందు వంతు, సిస్టమ్ లైబ్రరీ ఎంత కొత్తదైనా ఈ పాతదే లోడ్ అవుతుంది.

ఎల్‌డీడీతో కర్ల్ ఏ ఫైల్ తీసుకుంటోందో చూడండి, డీపీకేజీ --సెర్చ్‌తో ఆ ఫైల్ ఏ ప్యాకేజీదో అడగండి. ఏ ప్యాకేజీదీ కాదంటే ఆ లిబ్‌కర్ల్ ఫైళ్లన్నిటినీ డిలీట్ చేయకుండా, లోడర్ వెతకని వేరే ఫోల్డర్‌లోకి జరిపి ఎల్‌డీకాన్ఫిగ్ నడపండి. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ (లైబ్రరీలు ఎక్కడ వెతకాలో లోడర్‌కి చెప్పే సెట్టింగ్) ఎక్కడైనా సెట్ అయి ఉందేమో కూడా చూడండి, అది ఉంటే వీటన్నిటికంటే దాని మాటే ముందు చెల్లుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. అప్‌గ్రేడ్ పూర్తయింది, ఫైళ్లు జరిపాక రెండు వార్నింగ్‌లూ పోయాయి. ఇప్పుడు ఆటోరిమూవ్ (ఇక అవసరం లేదనుకున్న ప్యాకేజీలను తీసేసే కమాండ్) జాబితాలో లిబ్‌ఎస్ఎస్ఎల్1.1 కనిపిస్తోంది. తీసేయొచ్చా? /ఆప్ట్‌లో ఒక బ్యాకప్ ప్రోగ్రామ్ ఉంది, అది దీన్నే వాడుతోందని ఎల్‌డీడీ చెబుతోంది.

జవాబు 2:
అయితే ఇప్పుడే తీయకండి, తీస్తే ఈ రాత్రి బ్యాకప్ నడవదు. డెబియన్ 12లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ, లిబ్‌ఎస్ఎస్ఎల్ అందులో భాగమే) 3 ఉంటుంది, 1.1 ప్యాకేజీ పాతదాని నుంచి మిగిలిపోయింది, దానికిక సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, అందుకని ఎక్కువ రోజులు ఉంచుకోవడం కూడా మంచిది కాదు. ఆ ప్రోగ్రామ్‌కి కొత్త వెర్షన్ తెచ్చుకోండి, సోర్స్ ఉంటే 3 మీద మళ్లీ బిల్డ్ చేయండి, ఆ తర్వాతే ఆటోరిమూవ్. నెట్‌లో కొందరు లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.3కి 1.1 పేరుతో లింక్ పెట్టమంటారు, దయచేసి ఆ పని చేయకండి. లోపలి ఫంక్షన్లు, స్ట్రక్చర్లు మారాయి కాబట్టే పేరులో నంబర్ మార్చారు, ప్రోగ్రామ్ అసలు మొదలవకపోతే కనీసం తెలుస్తుంది, మొదలై మధ్యలో కూలితే బ్యాకప్ ఫైల్ పాడైందని రీస్టోర్ చేసే రోజుదాకా తెలియదు.

జవాబు 3:
ఒక్కటి చేర్చాలి. ఫైళ్లు మారినా, ముందునుంచి నడుస్తున్న సర్వీసులు మెమరీలో పాత లైబ్రరీతోనే ఉంటాయి. నీడ్‌రీస్టార్ట్ నడిపితే అవి ఏవో చూపిస్తుంది. మీరు డెబియన్ వెర్షనే మార్చారు, కెర్నల్ కూడా కొత్తది వచ్చింది కాబట్టి, బ్యాకప్ సంగతి తేల్చుకున్నాక ఒకసారి రీబూట్ చేయడమే తేలిక.