గట్టు రోడ్డు మీద లోడు బండి: వెనక షాకులు బిగించాలా, వదిలేయాలా?

లంక అరటి:
అందరికీ నమస్కారమండి. మాది రావులపాలెం దగ్గర లంక ఊరు. వారంలో నాలుగు రోజులు బండి మీద అరటి గెలలు మార్కెట్‌కి వేస్తాను. వంద సీసీ బండి, కొని ఎనిమిదేళ్లయింది. వెళ్లేటప్పుడు నేను, నాలుగు గెలలు, అంటే 70 కిలోల దాకా లోడు. వచ్చేటప్పుడు నేనొక్కడినే. నాలుగు కిలోమీటర్లు కాలువ గట్టు, ఆ తర్వాత తారు రోడ్డు.

గట్టు మీద తూము దగ్గర ఒక మలుపు ఉంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పంట బోదె. పోయిన వారం వాన వెలిశాక ఆ మలుపులో హ్యాండిల్ తిప్పాను, బండి తిరగలేదు. ముందు చక్రం సబ్బు మీద జారినట్టు నేరుగా కాలువ వైపు పోయింది. కాలు ఆనించి ఎలాగో ఆపుకున్నాను. ఒక గెల నీళ్లలో పడిపోయింది. మా మెకానిక్‌కి చెబితే వెనక షాకులు (షాక్ అబ్జార్బర్లు) రెండూ, వాటి మీద ఉండే మెట్ల కాలర్ తిప్పి, ఆఖరి మెట్టుకి బిగించి పంపాడు. లోడుతో కొంచెం నయమే. ఖాళీగా తిరిగి వస్తుంటే మాత్రం నడుం విరుగుతోంది, గ్రావెల్ మీద వెనక చక్రం ఎగిరెగిరి పక్కకి జరుగుతోంది. మా బావేమో పూర్తిగా వదిలెయ్యి, మెత్తగా ఉంటేనే బురదలో పట్టు ఉంటుంది అంటాడు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. నేను ఇంటికి చేరేదాకా మా ఆవిడకి టెన్షన్.

పాలకొల్లు షెడ్:
బిగించే ఉంచండి. నేను 22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. లోడు బండికి షాకు వదిలేస్తే ఏమవుతుందో రోజూ చూస్తున్నాను. గుంట పడిన ప్రతిసారీ అడుగు దాకా కొట్టుకుంటుంది, ఆయిల్ సీల్ పోతుంది, రాడ్డు మీద గీతలు పడతాయి. మడ్‌గార్డ్ లోపల టైరు రాసుకున్న గుర్తులు ఉంటే అది వదిలేసిన బండే. నడుం నొప్పి అంటే సీటు మీద స్పాంజి వేయించుకోండి.

భీమవరం చెరువు గట్టు:
నేను రొయ్యల మేత బస్తాలు వేస్తానండి. షాకుల జోలికి అసలు పోలేదు. వాన పడితే వెనక టైరులో గాలి కొంచెం తీసేస్తాను, బురదలో పట్టు బాగుంటుంది. ఖర్చు లేదు.

కోటిపల్లి రేవు:
లంక అరటి గారూ, బిగించాలా వదలాలా అన్న ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న ఉంది. మీ బండి ఎంత దిగుతోంది? దాన్ని కొలవకుండా ఎవరు చెప్పినా ఊహే. నేను మెకానికల్ డిప్లొమా చదివాను, బళ్లంటే పిచ్చి, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

షాకు మీద తిప్పే ఆ మెట్ల కాలర్ స్ప్రింగును గట్టిగా చెయ్యదు. చాలామంది పొరపడేది ఇక్కడే. అది స్ప్రింగును ముందే కొంత నొక్కి పెడుతుంది, అంతే. దానివల్ల బండి వెనక భాగం ఎత్తులో నిలబడుతుంది. వదిలితే కిందికి దిగి నిలబడుతుంది. అంటే మీరు తిప్పుతున్నది ఎత్తుని. వెనక ఎత్తు మారితే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాల వాలు కూడా మారుతుంది. వెనక దిగితే ఫోర్కు బాగా వాలిపోయి, బరువు వెనక్కి పోయి, ముందు చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం బురదలో తిరగదు. మీకు తూము దగ్గర జరిగింది ఇదేనని నా నమ్మకం. వెనక మరీ లేస్తే ముందు మీద బరువు పడుతుంది, హ్యాండిల్ చురుకవుతుంది, కానీ చక్రం కిందికి సాగడానికి చోటు ఉండదు. గుంట వస్తే చక్రం అందులోకి దిగాలి కదా. దిగలేకపోతే గాల్లో ఉంటుంది. గాల్లో ఉన్న చక్రానికి పట్టు ఎక్కడిది? ఖాళీ బండి ఎగరడానికి కారణం అది.

కొలత ఇలా తీయండి. సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం నేలకి తగలకుండా వేలాడుతుండగా, యాక్సిల్ నట్టు నుంచి నిటారుగా పైన సీటు కింద ఒక చోట గుర్తు పెట్టి టేపుతో కొలవండి. స్టాండు తీసి, బండిని నిటారుగా పట్టుకుని రెండోసారి. మీరు ఎక్కి, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి మూడోసారి. గెలలు కట్టి, మీరూ ఎక్కి నాలుగోసారి. పక్కన ఇంకొకరు ఉండాలి. ప్రతిసారీ సీటు మీద రెండు సార్లు నొక్కి వదిలాకే కొలవాలి, లేకపోతే బుష్‌ల బిగువు వల్ల లెక్క తప్పుతుంది. చక్రం మొత్తం కదలికలో సుమారు మూడో వంతు, మీరు కూర్చున్నప్పుడు దిగాలి. ఆఖరి మెట్టులోనూ, మొదటి మెట్టులోనూ కొలిచి ఇక్కడ పెట్టండి.

భీమవరం గారూ, లోడుతో గాలి తీయకండి. ట్యూబు రిమ్ము మీద జారి వాల్వు మొదట్లో తెగుతుంది. గట్టు మీద, చీకట్లో, రెండు బస్తాలతో అది జరగకూడదు.

పాలకొల్లు షెడ్:
కోటిపల్లి రేవు గారు, పుస్తకం బాగానే చెప్పారు. కానీ చాలా షాకుల్లో స్ప్రింగు చుట్లు ఒక చివర దగ్గర దగ్గరగా, ఇంకో చివర దూరదూరంగా ఉంటాయి. బిగిస్తే దగ్గరి చుట్లు ఒకదానికొకటి ఆనుకుని, దూరం చుట్లే పని చేస్తాయి. అప్పుడు స్ప్రింగు నిజంగానే గట్టిపడుతుంది. నా చేతులకి తెలుస్తుందండి అది.

కోటిపల్లి రేవు:
మీ చేతులకి తెలిసింది అబద్ధం కాదు. ఖాళీ బండి విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ 70 కిలోల లోడు వేశాక ఆ బరువే దగ్గరి చుట్లను మూసేస్తుంది, కాలర్ ఏ మెట్టులో ఉన్నా సరే. అదే బరువుకి అదే స్ప్రింగు అంతే నొక్కుకుంటుంది. లోడుతో ఆఖరి మెట్టు వల్ల లాభం ఏమిటంటే, అడుగుకి కొట్టుకునే లోపు ఇంకొంచెం చోటు మిగులుతుంది. ఆ లాభం పెద్దదే, అందుకే లోడుకి బిగించమనే నేనూ అంటాను. గట్టిదనం అనే మాట మీదే నా పేచీ.

యానాం ఎక్స్‌పల్స్:
ఇవన్నీ ఎందుకండి, బండి మార్చండి. నా ఎక్స్‌పల్స్ 200కి ముందు 190 మిల్లీమీటర్లు, వెనక 170 మిల్లీమీటర్లు చక్రం కదలిక ఉంటుంది. గుంటలు అసలు తెలియవు.

లంక అరటి:
అంత ఎత్తు బండికి గెలలు కట్టి ఎక్కడం నా వల్ల కాదండి. పైగా ఇప్పుడు కొత్త అప్పు చేయలేను.

మంచు దేశంలో అంబాజీపేట:
నేను అంబాజీపేట వాడిని, కెనడాలో ఉంటున్నాను. ఇక్కడ చలికాలంలో స్నోమొబైల్ నడుపుతాను. ముందు రెండు స్కీలు, వెనక చక్రం బదులు పెద్ద రబ్బరు ట్రాక్ ఉండే బండి అది. మంచు దారుల మీద బళ్లు తిరిగి తిరిగి వరసగా గుట్టలు లేస్తాయి, అచ్చం మన గట్టు మీద ట్రాక్టరు గాళ్లలాగే. మీ చర్చ చదువుతుంటే నా మొదటి చలికాలం గుర్తొచ్చింది, అందుకే రాస్తున్నాను.

నా బండి కూడా మలుపులో తిరిగేది కాదు. నేను చేసిన పని ఏమిటంటే, ముందు స్కీల స్ప్రింగులు బిగించుకుంటూ పోయాను. హ్యాండిల్ బరువెక్కింది, చేతులు నొప్పి పుట్టాయి, మలుపు మాత్రం మారలేదు. ఇక్కడి పెద్దాయన ఒకరు చూసి, ట్రాక్ లోపల ముందు చేతిని పట్టి ఉంచే పట్టీని ఒక్క రంధ్రం దగ్గరికి లాగి బిగించారు. లిమిటర్ స్ట్రాప్ అంటారు దాన్ని. పట్టీ పొట్టి అయితే యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు బండి ముందు భాగం అంతగా లేవదు, స్కీల మీద బరువు నిలుస్తుంది. ఒక్క రంధ్రంతో బండి మాట విన్నది. ఆయన ముందు కొలిచింది కూడా దిగుడే, కోటిపల్లి రేవు గారు చెప్పినట్టే టేపు పట్టుకుని. ఒకసారికి ఒకటే మార్చు, అదే దారిలో అదే మలుపు నడిపి చూడు, తర్వాత రెండోది అన్నారు.

నాకు అర్థమైంది ఇది. ముందు తిరగకపోతే తప్పు ముందే ఉందని కాదు, బరువు ఎక్కడికి పోతోందో చూడాలి. లంక అరటి గారూ, మీ గెలలు యాక్సిల్‌కి ఎంత వెనక వేలాడుతున్నాయి?

లంక అరటి:
కొలిచానండి, బావ టేపు పట్టాడు. ఆఖరి మెట్టులో బండి తన బరువుకి ఒక్క మిల్లీమీటరు కూడా దిగలేదు. నేను ఎక్కితే 15 మిల్లీమీటర్లు. గెలలతో 54. మొదటి మెట్టులో బండి ఒక్కటే 12, నాతో 31, గెలలతో 70. మొత్తం కదలిక 85 దాకా ఉంది.

గెలల సంగతి ఇప్పుడే చూశాను. నాలుగూ వెనక క్యారియర్ కడ్డీకి కట్టుకుంటాను, సీటు మీద కూర్చోడానికి చోటు బాగా ఉంటుందని. చక్రం నట్టుకి జానెడు పైనే వెనక్కి ఉన్నాయి.

కోటిపల్లి రేవు:
దొరికింది. మూడు విషయాలు కనిపిస్తున్నాయి.

ఆఖరి మెట్టులో ఖాళీ బండి సున్నా దిగుతోంది, అంటే షాకు పూర్తిగా సాగి బిగుసుకుని ఉంది. మీరు ఎక్కినా 15 మిల్లీమీటర్లే, గుంటలోకి చక్రం దిగడానికి ఆ చోటు చాలదు. మీ నడుం నొప్పికీ, గ్రావెల్ మీద జారడానికీ కారణం ఇదే. స్పాంజితో తీరేది కాదు. మీ బావ చెప్పినట్టు మొదటి మెట్టులో పెట్టి గెలలు వేస్తే 85లో 70 అయిపోతోంది, మిగిలింది 15. చిన్న గుంటకే అడుగు తగులుతుంది, ముందు చక్రం ఇంకా తేలిపోతుంది. కాబట్టి వెళ్లేటప్పుడు ఆఖరి మెట్టు, వచ్చేటప్పుడు రెండో మెట్టు.

అసలు దొంగ మాత్రం ఆ జానెడు. యాక్సిల్‌కి వెనక వేలాడే బరువు తూకం కర్రలా ముందు చక్రాన్ని పైకి లేపుతుంది. రెండు గెలలు క్యారియర్‌కి కాకుండా సీటు వెనక భాగం మీదుగా రెండు పక్కలా వేలాడేలా, చక్రం నట్టుకి ముందు పడేలా కట్టండి. కాళ్లకి తగలకుండా చూసుకోండి.

పాలకొల్లు షెడ్:
రోజూ మెట్లు మార్చడం జరిగే పని కాదండి. మా దగ్గరికి వచ్చే బళ్లలో కాలర్లు బురద పట్టి, తుప్పు పట్టి కదలవు. కాలర్ తిప్పే కొక్కెం లాంటి సి స్పానర్ లేక స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొడతారు, మెట్టు అంచు అరిగిపోతుంది. ఒక పక్క నాలుగు, ఇంకో పక్క మూడు పెట్టి మరిచిపోతారు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మెలి పడి బండి ఒక పక్కకి లాగుతుంది. అందుకే నేను అందరికీ ఒకటే చెబుతాను, మూడో మెట్టులో పెట్టి వదిలేయండి.

కోటిపల్లి రేవు:
మూడో మెట్టు రెండు పూటలా సగం తప్పు. తారు రోడ్డు మీద సగం తప్పుతో బతికేయొచ్చు. ఈయన దారిలో పక్కన కాలువ ఉంది. అర నిమిషం పనికి అంత బద్ధకం వద్దని నా మనవి. గెలలు దించాక, సెంటర్ స్టాండ్ వేసి, రెండు పక్కలా మూడేసి మెట్లు వెనక్కి. అంతే.

మంచు దేశంలో అంబాజీపేట:
ఇక్కడ ఇద్దరు ఎక్కే రోజు ఒకటి, ఒక్కరు నడిపే రోజు ఒకటి అని వెనక స్ప్రింగు మార్చుకోవడం చాలామందికి అలవాటే. గ్లోవ్స్ వేసుకుని చలిలో చేస్తారు. అలవాటైతే కష్టం కాదు.

పాలకొల్లు షెడ్:
సరే, మార్చుకునేవాళ్లు మార్చుకోండి. కానీ ఎవరూ ముందు వైపు చూడలేదేమిటండి? ఎనిమిదేళ్ల బండి, ఫోర్క్ ఆయిల్ ఎప్పుడైనా మార్చారా? ఫ్రంట్ బ్రేకు పట్టుకుని ముందుకు నొక్కి వదలండి. ఒక్కసారి లేచి నిలబడాలి. రెండు మూడు సార్లు ఊగితే లోపల ఆయిల్ నీళ్లయిపోయింది. మారిస్తే రెండు గొట్టాల్లోనూ సమానంగా, మాన్యువల్లో చెప్పినంతే, కొలిచి పోయించండి. అంచనాగా పోస్తే ఒప్పుకోకండి.

ఇంకోటి, కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే మెడలో ఉండే బాల్స్, కప్పులు. ముందు చక్రం నేలకి తగలకుండా లేపి, హ్యాండిల్‌ని ఒక్క వేలితో మెల్లగా అటూ ఇటూ తోయండి. సరిగ్గా నేరుగా వచ్చే చోట టక్కుమని చిన్న గుంటలో పడినట్టు ఆగుతుందా చూడండి. గట్టు మీద తిరిగే బళ్లలో నేను పదే పదే చూసేది అదే. బాల్స్ కప్పులో గుంటలు చేసుకుంటాయి. బురదలో మనకి తెలియకుండానే హ్యాండిల్ వెంట్రుకవాసి అటూ ఇటూ సర్దుకుంటూ ఉంటుంది. ఆ గుంట ఉంటే సర్దుకోదు, పట్టేస్తుంది. ఆ మలుపులో బండి నేరుగా పోవడానికి ఇది కూడా కారణం అయ్యుండొచ్చు.

కోటిపల్లి రేవు:
ఇది నాకు తట్టలేదు. చాలా ముఖ్యమైన మాట చెప్పారు. గురువు గారు, చైను గురించి కూడా చెప్పండి.

పాలకొల్లు షెడ్:
అవునండి. లోడుతో వెనక దిగినప్పుడు చైను బిగుసుకుంటుంది. ఖాళీ బండి మీద బిర్రుగా పెడితే గెలలు వేశాక షాకును దిగనివ్వదు, బేరింగులు తినేస్తుంది. లోడు మీద మనిషిని కూర్చోబెట్టి ఒకసారి చూసుకుని, అప్పటికీ కాస్త వదులు ఉండేలా పెట్టుకోవాలి.

లంక అరటి:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ముందు గెలలు ఒక్కటే మార్చాను, అంబాజీపేట గారు చెప్పినట్టు ఒకసారికి ఒకటి. రెండు గెలలు ముందుకి వచ్చాక ఆఖరి మెట్టులో దిగుడు 54 నుంచి 46కి వచ్చింది. పొడి నేల మీదే హ్యాండిల్‌లో తేడా తెలిసింది, తేలిపోతున్నట్టు లేదు. తర్వాత కోన్ సెట్ చూశాం. షెడ్ గారు చెప్పినట్టే నేరుగా వచ్చే చోట టక్కుమంది. కప్పు విప్పితే వరసగా చిన్న చిన్న గుంటలు, వేలితో తడిమితే తెలుస్తున్నాయి. మార్పించాను. ఫోర్క్ ఆయిల్ తీస్తే నల్లటి నీళ్లలా కారింది.

మొన్న రాత్రి వాన పడింది. తెల్లారి అదే మలుపుకి వెళ్లేసరికి గుండె కొట్టుకుంది. మెల్లగా, రెండో గేరులో, బ్రేకు ముట్టుకోకుండా తిప్పాను. వెనక చక్రం కొంచెం ఊగింది, ముందు చక్రం మాత్రం పోవాల్సిన చోటికే పోయింది. మార్కెట్లో గెలలు దించాక రెండో మెట్టుకి మార్చుకుని వచ్చాను. గ్రావెల్ మీద ఎగరడం లేదు.

పాలకొల్లు షెడ్:
సంతోషమండి. నా షెడ్డుకి వచ్చేవాళ్లకి మాత్రం మూడో మెట్టే చెబుతాను, వాళ్లు కొలవరు, మార్చరు. మీరు మార్చుకుంటానంటే కాలర్లు ఒకసారి విప్పి, కిరసనాయిలుతో కడిగి, పల్చగా గ్రీజు రాయించండి. ఎక్కువ రాస్తే గట్టు మట్టి అంతా దానికే అంటుకుంటుంది. స్పానర్ ఉందా?

లంక అరటి:
బావ కొని తెచ్చాడండి. సీటు కింద గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను.