రొయ్యల చెరువు మానలేనివాళ్లు మైత్రీ భావన ఏ వరుసలో చెయ్యాలి?

కోనసీమలో బౌద్ధ పద్ధతిలో మైత్రీ భావనకి, అంటే ప్రాణులన్నిటి మేలు కోరే ధ్యానానికి కూర్చునేవాళ్లలో చెరువుల మీద బతికేవాళ్లూ ఉన్నారు. సందేహం వాళ్ల గురించే.

పాత కర్మ విషయంలో బుద్ధుడి బోధల్లోని శంఖధమ సూత్రం (సంయుత్త నికాయం 42.8) వరుస చెప్పింది: చేసింది తప్పని ఒప్పుకోవాలి, ఎంత బాధపడ్డా జరిగింది చెరగదని గ్రహించాలి, ఆ పని మానాలి, ఆ తర్వాతే నాలుగు దిక్కులా మైత్రి పరచాలి. లోణఫల సూత్రంలో ఉప్పుగల్లు పోలిక ఉంది. గిన్నెడు నీళ్లలో వేస్తే తాగలేం, గంగలో వేస్తే తెలియదు. గోదారోళ్లకి ఇది వివరించక్కర్లేదు లెండి. ఉప్పు, అంటే చేసిన చెడు, తగ్గదు; నీళ్లే, అంటే మనసే, పెరగాలి.

చిక్కంతా మూడో మెట్టు దగ్గర. లీజు, మేత బాకీ తీరేదాకా మానలేరు. మానకుండా 30 నిమిషాలు కూర్చుంటే, మైత్రి మొదలెట్టిన కాసేపటికే కుక్కుచ్చం, అంటే చేసినదాన్నే తవ్వుకునే మనసు, అడ్డొస్తుంది. మధ్యాహ్నమైతే థీనమిద్ధం, అంటే మందకొడితనం, మగత. దీనికి చెవులు లాగడం, కళ్లు కడుక్కోవడం, చంక్రమణం, అంటే నడుస్తూ చేసే ధ్యానం, పనిచేస్తున్నాయి. కుక్కుచ్చానికే దారి కావాలి.

ముందు 10 నిమిషాలు ఆనాపానం, అంటే శ్వాసని గమనించడం, పెట్టి తర్వాత మైత్రికి రావాలా? పట్టుబడి రోజుల్లో, అంటే రొయ్యలు పట్టి అమ్మేటప్పుడు, మైత్రి ఆపి పంచశీలాలు తిరిగి తీసుకుంటే చాలా? ప్రాణుల వ్యాపారం కూడని ఐదు వ్యాపారాల్లో ఒకటి, చేతనే, అంటే మనసులోని ఉద్దేశమే, కర్మ. మరి తేదీ పెట్టుకుని మానతాననే సంకల్పం మానడంలో భాగమేనా? "ఇంకొక్క పంట" అన్నది మాత్రం సంకల్పం కాదనుకుంటా. చేయించి చూసినవాళ్లు నిమిషాలతో సహా చెప్పండి.