పదిహేను వందల ఫుల్‌ఫేస్ హెల్మెట్: సరిపోతుందా, సరిపెట్టుకోవడమేనా?

మందుల_సంచి:
మందుల కంపెనీ ఉద్యోగం నాది. విజయవాడ నుంచి పామర్రు, గుడివాడ వైపు రోజుకు ఎనభై కిలోమీటర్లకు తక్కువ తిరగను. రెండు నెలల క్రితం 1,480 రూపాయలకు ఫుల్‌ఫేస్ హెల్మెట్ కొన్నాను. ఐఎస్‌ఐ ముద్ర ఉంది. పైడొప్ప ఏబీఎస్ ప్లాస్టిక్. కిరాణా కొట్టు కాటా మీద పెడితే 1,310 గ్రాములు తూగింది. బుగ్గల దగ్గర బిగువుగా పట్టింది, లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కోవచ్చు, ఈ రెండూ నచ్చాయి. బండి అరవై దాటితే చెవుల్లో ఒకటే హోరు. వానలో గ్లాసు మూస్తే నా ఊపిరికే మసకబారుతుంది, తెరిస్తే చినుకులు కళ్లలో పడతాయి. మధ్యాహ్నం ఆసుపత్రి మెట్ల దగ్గర తీసేసరికి తల నీళ్లలో ముంచి తీసినట్టు ఉంటుంది, డాక్టరు గారి ముందుకు అలాగే వెళ్లాలి. ఇవన్నీ భరిస్తాను. నేను అడిగేది ఒక్కటే: పడితే తలను కాపాడుతుందా?

గేర్_అయిదు:
మొహమాటం లేకుండా చెబుతాను, ఆ డబ్బు దండగ. గడ్డం దగ్గరి గుడ్డ తీసి వేలు పెట్టి చూడండి. మా తమ్ముడిదీ అదే ధర హెల్మెట్. తీసి చూస్తే ప్లాస్టిక్ డొప్ప, దాని వెనక అర అంగుళం స్పాంజి, అంతే. తలపైన ఉండే థర్మకోల్ నలిగిపోయి దెబ్బను తాను తీసుకుంటుంది. స్పాంజి ఏమి తీసుకుంటుంది? ముఖం మూసినంత మాత్రాన ఫుల్‌ఫేస్ అయిపోదు. యూరప్ ముద్ర ఉన్న హెల్మెట్ చీటీ మీద పీ అనే అక్షరం ఉంటే గడ్డం భాగాన్ని పరీక్షించారని అర్థం, ఎన్‌పీ అని ఉంటే ఆ భాగానికి రక్షణ లేదని అర్థం. ఆరేడు వేలు కూడబెట్టి పీ ఉన్నది కొనండి. పైగా మీది టక్కున పెట్టుకునే బకిల్ అయి ఉంటుంది. రెండు రింగుల్లోంచి దూర్చే పట్టీతో దానికి పోలికే లేదు.

నీలి_స్కూటీ:
నా హెల్మెట్ గ్లాసు మీద గీతలు పడ్డాయి. రాత్రి ఎదురు లైటు పడితే దారి కనబడడం లేదు. గ్లాసు ఒక్కటే మార్చుకోవచ్చా?

మందుల_సంచి:
గేర్ గారూ, ఇప్పుడే గుడ్డ తీసి చూశాను. గడ్డం దగ్గర థర్మకోల్ ఉంది, కాకపోతే పలచగా, చిటికెన వేలంత మందాన. బకిల్ లోపలి నాలుక ఇనుముదే.

గేర్_అయిదు:
పలచగా ఉంటే లేనట్టే లెక్క. బకిల్ సంగతి నాకు చెప్పకండి. పోయినేడాది బైపాస్ మీద నా కళ్లముందే ఒకతను పడ్డాడు. మనిషి ఇక్కడ, హెల్మెట్ దొర్లుకుంటూ డివైడర్ దగ్గర.

స్పానర్_బాబాయి:
బకిల్ విరిగి ఊడిందా, అసలు పెట్టుకోకపోతే ఊడిందా? వంగి చూశారా? ముప్పై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను. నా కొట్టు ముందు ఆగే కుర్రాళ్లలో పట్టీ గాలికి వేలాడేసుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా హెల్మెట్ తలకు బిగించి ఉండాలనే చెబుతుంది, తల మీద బోర్లించుకోమని కాదు.

మందుల సంచి గారూ, ముద్ర దగ్గర సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటుంది. ఐఎస్‌ఐ ముద్ర ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొట్టి చూడండి, ఏ కంపెనీదో తెలుస్తుంది. 2021 జూన్ 1 నుంచి ఆ ముద్ర లేని హెల్మెట్ అమ్మకూడదు. అందుకని రోడ్డు పక్క తాడుకు వేలాడదీసి మూడు వందలకు అమ్మేవాటికి కూడా ఇప్పుడు ముద్ర అంటిస్తున్నారు, గోటితో గీకితే వచ్చేస్తుంది.

గేర్_అయిదు:
అసలు ముద్ర అయినా ఏమి ఒరుగుతుంది? ఆ పరీక్షలు గంటకు ముప్పై లోపు వేగంతో చేస్తారట. హైవే మీద ఎనభైలో వెళ్లేవాడికి అది ఏ మూలకు?

స్పానర్_బాబాయి:
మీరు మెచ్చుకునే యూరప్ ముద్రదీ అదే కథ బాబూ. వాళ్ల పాత ప్రమాణం 22.05లో హెల్మెట్‌ను దిమ్మె మీద సెకనుకు 7.5 మీటర్ల వేగంతో పడేస్తారు, అంటే గంటకు 27 కిలోమీటర్లు. కొత్తది 22.06లో 8.2 మీటర్లు, అప్పటికీ గంటకు ముప్పై కాదు. బండి ఎనభైలో ఉన్నా తల నేలను తాకేది పై నుంచి కిందికి పడి. మనిషి కూర్చున్న ఎత్తు, అయిదడుగుల నుంచి ఏ వస్తువు పడినా నేలను గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో తాకుతుంది. మిగతా వేగం రోడ్డు మీద ఈడ్చుకుపోవడంలో పోతుంది. ఎదురుగా గోడో లారీయో ఉంటే వేరే సంగతి, అక్కడ ఏ హెల్మెట్ గురించీ హామీ ఇవ్వలేము. కొత్త ప్రమాణంలో మెచ్చుకోవలసింది ఇంకోటి ఉంది. తక్కువ వేగంతో, 6 మీటర్లతో కూడా పరీక్షిస్తారు. లోపలి థర్మకోల్ మరీ గట్టిదైతే చిన్న దెబ్బకు నలగదు, ఆ దెబ్బ తలకు చేరుతుంది. ఏటవాలుగా తగిలినప్పుడు తల ఎంత తిరుగుతుందో కూడా చూస్తారు. కాబట్టి యూరప్ ముద్ర మంచిదే. మంచిది కాబట్టి తక్కినవన్నీ దండగ అనడమే నాకు నచ్చలేదు.

గేర్_అయిదు:
లెక్కలు తరగతి గదిలో బాగుంటాయి. భార్యాబిడ్డలున్న మనిషి తన తల కోసం ఆరు వేలకు వెనకాడడం ఏమిటి? నెలకు టీలకు, ఫోనుకు ఎంత పోస్తున్నారో ఒకసారి కాగితం మీద రాసుకోండి.

మందుల_సంచి:
నా టీ లెక్క మీరు కట్టనక్కరలేదు. నా ఇంట్లో తలలు నాలుగు. మా ఆవిడ స్కూలు టీచరు, రోజూ నా వెనకే కూర్చుని వెళుతుంది. నాన్నగారు మోపెడ్ మీద పొలానికి వెళతారు. పాపకు ఏడేళ్లు, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ ఉండాలన్నది చట్టం. నలుగురికీ కలిపి 5,700 అయింది. మీరు ఆ డబ్బుతో ఒక్క తల కప్పమంటున్నారు, నేను నాలుగు కప్పాను. ఇదే మీకూ నాకూ తేడా, థర్మకోల్ మందం కాదు.

2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. మీరు పోయిన నెల ఇక్కడే పెట్టిన శ్రీశైలం ఘాట్ ఫొటో చూశాను. ముందు కూర్చున్న మీకు ఏడు వేల హెల్మెట్. వెనక కూర్చున్నావిడ తల మీద చున్నీ.

గేర్_అయిదు:
ఇంట్లోవాళ్ల ఫొటోల జోలికి వచ్చేంత దిగజారారా? బండి ఆపి తీసిన ఫొటో అది. ఆమెకు హెల్మెట్ ఉంది. 2016లో నేను కొనుక్కున్నది, ఆ రోజుల్లోనే నాలుగు వేలు. మీ పదిహేను వందలదానికన్నా నయం.

నిర్వాహకుడు:
ఇద్దరూ ఆగండి. ఫొటోల ప్రస్తావన ఇక్కడితో చాలు.

అరకు_దారి:
ఇంత సేపటి నుంచీ ఒక్కరూ సైజు ఊసెత్తలేదు.

స్పానర్_బాబాయి:
నేనూ అదే అనబోతున్నాను. గేర్ గారూ, కోపగించుకోకుండా ఒక పని చేయండి. ఆ పాత హెల్మెట్ ఆమెకు పెట్టి, పట్టీ బిగించి, వెనక అంచు కింద చేతులు పెట్టి పైకీ ముందుకూ నెట్టండి. నుదుటి మీదుగా ఊడివస్తే అది నాలుగు వేలదైనా నాలుగు వందలదైనా ఒకటే. కొత్తగా కొనేటప్పుడు కనుబొమ్మల పైనుంచి టేపు చుట్టి తల కొలవాలి. పెట్టుకుంటే బుగ్గలు కాస్త లోపలికి నొక్కుకోవాలి. మగవాళ్ల పాతవి ఆడవాళ్లకు ఇవ్వడం ఇళ్లలో మామూలైపోయింది. అది పోలీసులు ఆపినప్పుడు చూపించడానికే పనికొస్తుంది. పైగా అన్నేళ్లు వాడినదాంట్లో స్పాంజి అణిగిపోయి ఇంకా వదులవుతుంది.

గేర్_అయిదు (మర్నాడు రాత్రి):
ఊడివచ్చింది. పట్టీ బిగించే ఉంది. నా తల 60 సెంటీమీటర్లు, ఆమెది 55. జారుతోందని రెండేళ్లుగా అంటూనే ఉంది, జుట్టు ముడి వల్ల అనుకున్నాను. 55కు సరిపోయేవి దుకాణంలో ఉంటాయా, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలా? ఒకటి మాత్రం చెబుతున్నాను, గడ్డం దగ్గర పలచటి థర్మకోల్ చాలదన్న మాట మీద నేను అలాగే ఉన్నాను.

మందుల_సంచి:
ఉండండి, మీ ఇష్టం. మా ఆవిడదీ 55. బందరు రోడ్డులో దొరికింది. ఆన్‌లైన్ వద్దు, ఆమెనే దుకాణానికి తీసుకెళ్లండి. ముడి మెడ దగ్గరికి దించుకుని పెట్టుకోమనండి. నడినెత్తిన ముడితో చూసుకుని మేము మొదటిసారి ఒక సైజు పెద్దది తెచ్చి, మళ్లీ వెళ్లి మార్చుకున్నాము. ఫొటో సంగతి నేను ఎత్తకుండా ఉండవలసింది.

నీలి_స్కూటీ:
గ్లాసు గురించి ఎవరైనా చెబుతారా?